చెంబు చేతిలో ఉండగా

1961 మార్చి 9

అన్న తాను పనిచేసే డోర్నకల్ నుంచి ఈ డైరీ తెచ్చాడు. రైల్వే ఆఫీసులో ఎవరో ఇచ్చారట. "ఇంటి ఖర్చులు రాసుకో వరం" అన్నాడు. నాయిన కొట్లో అంత లావు చిట్టా ఉండగా నేనెందుకు రాస్తాను? ఇందులో నాకు కోపం తెప్పించినవి రాస్తాను. సంక్రాంతి దాకా ఈ కాగితాలు సరిపోతాయో లేదో.

మొదటిది. ఇవాళ తుమ్మల బీడు చుట్టూ సున్నంతో గీత గీశారు. మున్సిపాలిటీ ఆ జాగను పత్తి గోదాముకు కౌలుకిచ్చిందట. చుట్టూ గోడ లేస్తుందట. గల్లీలో మగవాళ్లంతా నిలబడి చూశారు. బండ్లు వస్తాయి, హమాలీలు వస్తారు, గిరాకీ పెరుగుతుంది అని మా నాయిన అందరికంటే ముందు సంబరపడ్డాడు. ఆడవాళ్లం తలుపుల సందుల్లోంచి చూశాం. ఒక్కరూ నోరు మెదపలేదు.

మా గల్లీలో కౌన్సిలర్ వెంకట్రాజం కాక ఇంట్లో తప్ప ఎవరింట్లోనూ పాయఖానా లేదు. మగవాళ్లకు ఊరంతా ఉంది. మాకు ఆ తుమ్మల చాటే ఉంది. తెల్లారకముందు ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి. ఆ గీత గీసినవాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు లేరా?

మార్చి 17

పునాది తీస్తున్నారు. తుమ్మలన్నీ నరికేశారు. కూలీలు అక్కడే గుడిసెలు వేసుకున్నారు, కాపలాకు పెట్రోమాక్స్ దీపం పెట్టారు. ఇక ఆ పక్కకు పోలేం. ఇవాళ రైలు పట్టాలు దాటి మట్టికోట కట్ట దాకా పోయాం. గూడ్సు బండి అడ్డం నిలబడింది. వదినె, నేను, నా దోస్తు యాకమ్మ, యాకమ్మ వాళ్ల అవ్వ సమ్మమ్మ, ఇంకొందరం. బండి కింద నుంచి దూరుదామంది యాకమ్మ. వదినెకు ఏడో నెల. ఆమె ఎట్లా దూరుతుంది? తెల్లవారిపోయింది. ఊరికే తిరిగొచ్చాం.

నాకేం భయం లేదు. వదినెను చూస్తేనే భయం.

మార్చి 22

వదినె నీళ్లు తాగడం లేదు. పొద్దున ఒక గుక్క, రాత్రి ఒక గుక్క. అన్నం కూడా రెండు ముద్దలే. "ఎందుకే గట్ల జేత్తాన్నవ్?" అని అమ్మ అడిగితే, "దూప అయితలేదత్తమ్మా" అంది. ఈ ఎండల్లో దప్పిక కాదట! అమ్మకు తెలుసు. నాకు తెలుసు. ఇద్దరం ఊరుకున్నాం.

మార్చి 24

చౌరస్తా దగ్గర రీడింగ్ రూం నడిపే యువజన సంఘం ఉంది కదా, దాని సెక్రటరీ భాస్కర్ కొట్టుకు వచ్చాడు. నాయిన లేడు. పరదా వెనక నుంచే బీడు సంగతి చెప్పాను. వచ్చే మీటింగులో మాట్లాడతాం, మీరు ఫికర్ పెట్టుకోవద్దు అన్నాడు. చాలా గట్టిగా అన్నాడు.

భాస్కర్ గురించి ఈ డైరీలో ఇంకేమీ రాయను. రాయాల్సింది ఏమీ లేదు.

ఏప్రిల్ 3

ఛీ. రాయక తప్పడం లేదు.

నిన్న మున్సిపాలిటీ మీటింగులో మాట్లాడాడట. ఇవాళ లైఫ్‌బాయ్ సబ్బు కొనే వంకతో వచ్చాడు. నాయిన గద్దె మీద కునుకు తీస్తున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఏమేం మాట్లాడిండ్రు?" అన్నాను.

"పంచవర్ష ప్రణాళిక కెల్లి మొదలువెట్టిన. దేశం ముందుకు వోవాల్నంటె స్త్రీజాతి ముందుకు వోవాలె అన్న. మా గల్లీ మహిళల ఇబ్బంది తమకు తెలువనిది కాదు అన్న. చప్పట్లు కొట్టిన్రు! చైర్మన్ సాబు పిలిచి చాయ్ తాగిపిచ్చిండు."

"ఏం ఇబ్బందో చెప్పిండ్రా?"

"ఇబ్బంది అని చెప్పిన."

"అదే, ఏం ఇబ్బంది?"

సబ్బుబిళ్లను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "అందరి ముందట ఆ మాట ఎట్లంటమండీ?"

"మరి చాయ్ ఎట్ల తాగిండ్రు?"

సబ్బు తీసుకోకుండానే పోయాడు. యువకుల ఉత్సాహం అభినందనీయం అని మీటింగులో రాసుకున్నారట. ఆ అభినందనను వదినె ఏం చేసుకోవాలి? బీడు పేరు కూడా ఎత్తలేదట మహానుభావుడు. కోపం రాలేదు నాకు. నవ్వొచ్చింది. నవ్వు కూడా కాదు.

ఏప్రిల్ 11

వదినె పడిపోయింది.

ఏప్రిల్ 12

నిన్న ఏమీ రాయలేకపోయాను. రోట్లో కారం దంచుతూ దంచుతూ పక్కకు ఒరిగిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాం. అన్నకు డోర్నకల్‌కు కబురు పంపితే మధ్యాహ్నం బండికి వచ్చాడు.

డాక్టరమ్మ అన్నను, అమ్మను, నన్ను ఎదురుగా నిలబెట్టి అడిగింది. "ఈమె నీళ్లెందుకు తాగుతలేదు? లోపల వాపొచ్చింది. ఇట్లనే ఉంటె తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ మంచిది కాదు. ఇంట్ల నీళ్లు లేవా?"

అమ్మ నేల చూసింది. అన్న కిటికీ చూశాడు. అందరికీ తెలిసిన మాట, ఒక్కరి నోట్లోంచీ రాదు. భాస్కర్ గుర్తొచ్చాడు, చాయ్ గుర్తొచ్చింది.

"పాయఖానా లేదు డాక్టరమ్మా" అన్నాను. "పోవడానికి జాగ లేదు. అందుకే తాగుతలేదు."

అంత పెద్ద వార్డు. అందరికీ వినబడింది. అన్న ముఖం ఎర్రగా అయింది. బయటికి వచ్చాక "ఊకోరాదె, నలుగురిల గామాటలేంది?" అన్నాడు. నీ పెళ్లాం చావుబతుకుల్లో ఉంటే నీకు నలుగురు కనబడ్డారా అన్నా? ఇది పైకి అనలేదు. ఇక్కడ రాశాను.

ఏప్రిల్ 15

వదినెను ఇంటికి తెచ్చాం. మళ్లీ పడితే బతకదని డాక్టరమ్మ అమ్మతో విడిగా చెప్పిందట. చెంబెడు నీళ్లు ముందు పెట్టి తాగమన్నాను. "ఇప్పుడు తాగితె మాపటిదాంక ఎట్లనే?" అని అడిగింది.

నాయినతో చెప్పాను. గోదాము కాకుండా చూడు, వెంకట్రాజం కాక నీ దోస్తే కదా అన్నాను. "మగోళ్ల ముచ్చట్లు నీకెందుకు వరం?" అన్నాడు. మా నాయిన మంచివాడు. నాలుగు రోజులు పోతే ఆయనే అర్థం చేసుకుంటాడు.

ఏప్రిల్ 19

అర్థం చేసుకోలేదు. కానీ ఇవాళ నాకొక సంగతి దొరికింది!

మా ఇంటికి ముందు కొట్టు, వెనక ఇల్లు. బయటికి పోవాలంటే కొట్లోంచే దారి. పొద్దుగూకుతుండగా చెంబు పట్టుకుని వచ్చాను. గద్దె మీద నాయిన, వెంకట్రాజం కాక కూర్చుని ఉన్నారు. "గోడ జల్ది లేస్తది, నీ కొట్టుకు ఇగ కరువు లేదు" అంటున్నాడు కాక. నేను అడుగు పెట్టగానే మాట ఆగిపోయింది. నాయిన బెల్లం దిమ్మె వైపు తిరిగాడు. కాక గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగాడు. ఎప్పుడూ జరిగేదే. చెంబు చేతిలో ఉన్న ఆడమనిషిని మగవాడు చూడడు, పలకరించడు. చూస్తే వాడికే సిగ్గు. రోజూ తల దించుకుని గబగబా పోతాం.

ఇవాళ నేను పోలేదు. ఎందుకో నాకే తెలియదు. అక్కడే నిలబడ్డాను.

వాళ్లు తిరగలేరు. మాట్లాడలేరు. పొమ్మని కూడా అనలేరు. నాయిన బెల్లం మీది ఈగల్ని తోలుతున్నాడు. కాక క్యాలెండర్‌లో ఈ నెలంతా చదివేసి ఉంటాడు.

"కాకా, గోడ ఎప్పుడు లేస్తది?" అన్నాను.

జవాబు లేదు. ఎట్లా ఇస్తాడు పాపం! ఓటుకు వచ్చినప్పుడు గంటసేపు మాట్లాడిన మనిషి.

చాలాసేపు నిలబడి, నవ్వాపుకోలేక బయటికి వచ్చేశాను. నేరుగా యాకమ్మ ఇంటికి పరుగెత్తాను. యాకమ్మ హమాలీ కూతురు, జిన్నింగు మిల్లులో పనికి పోతుంది. కోమటోళ్ల పిల్లకు దానితో దోస్తీ ఏందని అందరూ అనేవాళ్లే. చెప్పగానే దానికి ఎంత నవ్వొచ్చిందో! సమ్మమ్మ అవ్వ మాత్రం నవ్వలేదు. తమలపాకు నములుతూ అడిగింది.

"మున్సిపాలిటీ మీటింగు ఎన్నడే బిడ్డా?"

ఏప్రిల్ 24

గల్లీలో ఇల్లిల్లూ తిరిగాం. కొందరు తిట్టారు. కొందరు తలుపేసుకున్నారు. "మా ఆయన కాళ్లిరగ్గొడ్తడు" అన్న చిలుకమ్మే మళ్లీ సందులోకి పిలిచి "నేనత్త, ఎవ్వలకు చెప్పకు" అంది.

అమ్మకు చెప్పలేదు. అమ్మ అడగలేదు.

ఏప్రిల్ 26

రేపే. అమ్మ పెరట్లో కూర్చుని చెంబు తోముతోంది. చింతపండు వేసి తోముతోంది. ఆ చెంబును ఎవరైనా చింతపండుతో తోముతారా! ఇత్తడి తళతళలాడుతోంది. నా వైపు చూడకుండా బావి గట్టు మీద బోర్లించి లోపలికి పోయింది.

నాకు భయం లేదు. అస్సలు లేదు.

ఏప్రిల్ 27

ఎక్కడ మొదలుపెట్టను?

మిట్టమధ్యాహ్నం బయలుదేరాం. పదిపదిహేను మందిమి, అందరి చేతుల్లో నిండు చెంబులు. పట్టపగలు, నడిబజారు! మేము పోతుంటే మా ముందు బజారంతా తిరిగిపోతోంది. బట్టల కొట్టాయన తానుల వైపు, టాంగావాడు గుర్రం తోక వైపు, హోటల్లో వాళ్లు చాయ్ గిలాసల్లోకి. చౌరస్తాలో పోలీసు చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు, మమ్మల్ని చూసి చెయ్యి అట్లాగే పెట్టి వెనక్కి తిరిగాడు. బండ్లన్నీ ఆగిపోయాయి. యాకమ్మ నవ్వు ఆపుకోలేక చెంబులో నీళ్లు ఒలకబోసుకుంది. నాకు నవ్వు రాలేదు. రోజూ దొంగల్లాగా పోయేవాళ్లం కదా, ఇవాళ బజారే దొంగలాగా తల తిప్పుకుంది.

మున్సిపాలిటీ గుమ్మంలో చప్రాసి కట్టయ్య ఉన్నాడు. ఆపడమే ఆయన పని. చెంబులు చూశాడు, గోడకు తిరిగాడు. లోపలికి పోయాం.

మీటింగు నడుస్తోంది. అంత పెద్ద బల్ల, చుట్టూ కౌన్సిలర్లు. వెనక బెంచీల మీద గోదాము కావాలనేవాళ్లు. అందులో మా నాయిన. ఇంకో బెంచీ మీద యువజన సంఘం. ఎవరో "ఏయ్, ఎవలు..." అని లేచి, మా చేతులు చూసి, గిరుక్కున తిరిగాడు. తర్వాత ఇంకొకరు. కుర్చీలు కిర్రుకిర్రుమన్నాయి. ఒక్క నిమిషంలో మున్సిపాలిటీ అంతా గోడకు ముఖం పెట్టి కూర్చుంది. భాస్కర్ కూడా. ఆయన వీపు కూడా చూశాను.

"ఎవలన్న చెప్పుండ్రి వాళ్లకు, బయటికి వొమ్మని" అన్నాడు చైర్మన్ సాబు, గోడతో.

ఎవరు చెప్పాలి? చెప్పాలంటే తిరగాలి.

"వెంకట్రాజం కాకా" అన్నాను. గొంతు కీచుగా వచ్చింది. మళ్లీ అన్నాను. "కాకా, మీరు తిరుగొద్దు, నేనే చెప్త. తుమ్మల బీడు పోయినంక మాకు జాగ లేదు. పట్టాలు దాటి పోతానం. మా వదినె నీళ్లు తాగక దవాఖానల పడ్డది. ఆమెకిప్పుడు ఎనిమిదో నెల. మా గల్లీ ఆడోళ్లకు పాయఖానా కావాలె."

ఆ మాట అనేశాను. పైకప్పు ఏమీ కూలలేదు. అందుకని ఇంకోసారి అన్నాను.

"దరఖాస్తు పెట్టి పోండ్రి. ఆలోచన జేస్తం" అంది గోడ.

"మేం ఈడ నిలవడ్డప్పుడే ఆలోచన జెయ్యిండ్రి సాబ్" అంది యాకమ్మ. "తట్టలల్ల ఎత్తిపోసుడు పని ఎవ్వలకు పడకుండ, గోతులు తవ్వి కట్టాలె. అదిగూడ ఆలోచన జెయ్యిండ్రి."

అప్పుడు సమ్మమ్మ అవ్వ ముందుకొచ్చింది. తన చెంబు తెచ్చి బల్ల మీద, వాళ్ల కాగితాల మీద ఠంగుమని పెట్టింది.

"ఏం బిడ్డా, గోడల ఏం గనబడ్తాంది? మీ అవ్వలు గా బీడుకు పోలేదా? మాకేం తొందర లేదు, మీరు నిమ్మలంగ మాట్లాడుకోండ్రి. ఆగకపోతె ఈడ్నే కూసుంటం. చెంబుల నీళ్లున్నయి."

చైర్మన్ సాబు మెడ మీద చెమట కాలర్‌లోకి కారడం నేను చూశాను.

గోడలతోనే మాట్లాడుకున్నారు. బీడులో రోడ్డు వైపు మూల గోదాముకు పోకుండా ఆడవాళ్లకు ఉంచాలి. వెంటనే గోతులు తీసి తడికెలు కట్టాలి. వానలు వెళ్లాక పక్కాది కట్టాలి. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి అన్నాడు చైర్మన్ సాబు. ముఖాలు గోడకే ఉన్నాయి, చేతులు మాత్రం లేచాయి. వెంకట్రాజం కాక చెయ్యి అందరికంటే చివర లేచింది. సగమే లేచింది. సమ్మమ్మ అవ్వ "ఇంక జర పైకి బిడ్డా" అంది.

పోయేముందు వెనక బెంచీ దగ్గర ఆగాను. నాయిన మెడ, చొక్కా కాలర్. మొన్న నేనే కుట్టిన కాలర్.

"నాయినా" అన్నాను.

తిరగలేదు.

నాకేం బాధ లేదు. మేము గెలిచాం.

ఏప్రిల్ 28

నాయిన మాట్లాడలేదు.

ఏప్రిల్ 30

ఇవాళ కూడా.

మే 2

నాయిన అన్నం నా చేతి మీదుగా తినడం లేదు. గల్లీలో మగవాళ్లు కొట్టు దగ్గర వినబడేటట్టు అంటున్నారు, బిడ్డను చదివిస్తే పరువు బజార్ల పెట్టింది అని. చిలుకమ్మ మొగుడు దాన్ని కొట్టాడు. దాని చెయ్యి వాచింది. "కొట్టనీ" అంది చిలుకమ్మ. "తడికెలు ఎప్పుడు కడ్తరట?"

అదే నేనూ అడుగుతున్నాను. ఒప్పుకున్నారు కానీ ఒక్కడూ బీడుకు రాలేదు.

మే 9

భాస్కర్ వచ్చాడు. నాయిన గద్దె మీదే ఉన్నాడు. పక్కన ఇద్దరు గిరాకీలు. భాస్కర్ వాళ్లందరి ముందర, పరదా వైపు చూస్తూ, బడిపిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు.

"మేం సంఘపోళ్లం రేపు గోతులు తవ్వుతానం. మున్సిపాలిటీ కోసం ఆగం. పాయఖానాకు. పాయఖానా కోసం."

రెండుసార్లు అనేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. నేను నవ్వలేదు. వంటింట్లోకి పోయి నవ్వాను. వదినె కూడా నవ్వింది, నెల తర్వాత.

నాయిన సబ్బుబిళ్ల తీసి భాస్కర్ చేతిలో పెట్టాడు. "నాడు మరిచిపోయినవు" అన్నాడు. ఆయన గొంతులో కోపం ఉందా లేదా నాకు తెలియలేదు.

మే 13

కుర్రాళ్లు గోతులు తవ్వుతున్నారని తెలిసి మున్సిపాలిటీకి పౌరుషం వచ్చింది. బండ్లో తడికెలు, వెదురుబొంగులు దిగాయి. వెంకట్రాజం కాక తెల్ల ధోవతి కట్టుకుని దగ్గరుండి కట్టిస్తున్నాడు, అంతా తానే చేసినట్టు. చెయ్యనీ. పేరు ఆయన తీసుకోనీ. తడికె మాది.

గోదాము గోడ కూడా లేస్తోంది. అది ఆగలేదు. మూల మాత్రం మిగిలింది. వానలు పోయాక పక్కాది కట్టకపోతే చూద్దాం. చెంబులు ఎక్కడికీ పోలేదు.

మే 16

ఎండ దంచుతోంది. మధ్యాహ్నం వదినె కుండ దగ్గరికి పోయి చెంబెడు నీళ్లు ముంచుకుంది. ఎత్తి గటగటా తాగింది. మెడ మీదుగా కారిపోతున్నా ఆపలేదు. ఇంకో చెంబు ముంచుకుంది. పొద్దెంత అయిందని అడగలేదు. అమ్మ చేటలో బియ్యం ఏరుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కాసేపయ్యాక వదినె ఆ ఇత్తడి చెంబు తీసింది. తోడు నేనూ లేచాను. పట్టపగలు కొట్లోంచి పోవాలి. గిరాకీకి పప్పు తూస్తున్నాడు నాయిన. మమ్మల్ని చూసి గిరాకీ చటుక్కున వీధి వైపు తిరిగాడు. వదినె తల దించుకుంది. ఆమెకు మామ, పైగా చేతిలో చెంబు. పరుగెత్తినట్టే నడుస్తోంది.

"సావిత్రీ" అన్నాడు నాయిన.

వదినె కొయ్యబారిపోయింది. నేనూ ఆగిపోయాను. నాయిన తక్కెడ దించి మా వైపే చూస్తున్నాడు. చెంబును చూస్తున్నాడు, వదినె కడుపును చూస్తున్నాడు, నన్ను కూడా చూశాడు. ఎన్ని రోజులైందో నన్ను చూసి.

"ఎండ మండుతాంది. చెప్పులేసుకొని పో బిడ్డా."

వదినెకు చెప్పులు లేవు. ఈ ఇంట్లో ఆడవాళ్లెవరికీ లేవు. చీకట్లో పోయి చీకట్లో వచ్చేవాళ్లకు ఎందుకనుకున్నారో ఏమో. నాయినకు ఆ సంగతి ఇప్పుడే తెలిసినట్టుంది. మా కాళ్ల వైపు చూశాడు. తర్వాత గద్దె కిందికి వంగి తన చెప్పులు తీసి వదినె ముందుకు నెట్టాడు.

మామ చెప్పుల్లో కాలెట్లా పెడుతుంది? నా వైపు చూసింది. నేనే వంగి తొడిగాను. బాగా పెద్దవి, తోలువి, మడమ దగ్గర అరిగినవి. అడుగేస్తే టపటపమని చప్పుడు. ఆ చప్పుడుకు తలుపుల సందుల్లోంచి కళ్లు చూశాయి. మేము మెల్లగా, గల్లీ మొత్తం వినబడేలా నడుచుకుంటూ పోయాం.